ప్రొస్టేట్ ఆపరేషన్ తర్వాత లైంగిక జీవితం: ఏ పద్ధతిలో ఏది పోతుంది, ఏది మిగులుతుంది

ప్రొస్టేట్ పెరిగిందని, ఇక మందులతో లాభం లేదని, ఆపరేషన్ చేయించుకోవాలని యూరాలజిస్ట్ చెప్పాక మగవాళ్లలో చాలామంది మనసులో ఒకే ప్రశ్న తిరుగుతుంది. నోరు విప్పి అడిగేవాళ్లు తక్కువ. అడిగినా ‘‘ఏమీ కాదులెండి’’ అన్న మాటతో విషయం ముగిసిపోతుంది. ఆ మాట అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. ఎక్కువమంది భయపడే నష్టం సాధారణంగా జరగదు. జరిగే నష్టం గురించి మాత్రం ముందుగా చెప్పేవాళ్లు తక్కువ. పైగా ఆ నష్టం అన్ని ఆపరేషన్లలో ఒకేలా ఉండదు. మూత్రం ధార ఎంత బాగుపడుతుందో చూసుకున్నట్టే, దాంపత్య జీవితంలో దేన్ని వదులుకోగలరో, దేన్ని వదులుకోలేరో కూడా పద్ధతి ఖాయం చేసుకునే ముందే తేల్చుకోవాలి.

ఇక్కడ చెబుతున్నదంతా క్యాన్సర్ కాని, వయసుతో వచ్చే ప్రొస్టేట్ పెరుగుదల గురించే. క్యాన్సర్‌కు గ్రంథి మొత్తాన్ని తీసేసే ఆపరేషన్ వేరు, దాని పర్యవసానాలు వేరు. తెలిసినవాళ్లెవరికో క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత జరిగింది విని తమకూ అదే గతి పడుతుందని బెంగపెట్టుకునేవాళ్లు చాలామంది ఉంటారు. ఆ బెంగకు ఆధారం లేదు.

స్తంభన వేరు, స్ఖలనం వేరు

లైంగిక సామర్థ్యం అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో కోరిక, అంగస్తంభన, వీర్యస్ఖలనం, భావప్రాప్తి అని నాలుగు వేర్వేరు సంగతులున్నాయి. వీటికి కారణమయ్యే నరాలు, కండరాలు, హార్మోన్లు వేర్వేరు. ఆపరేషన్ ప్రభావం వీటన్నిటి మీదా సమానంగా పడదు.

స్తంభనకు కారణమైన నరాలు ప్రొస్టేట్ లోపల ఉండవు. గ్రంథిని కప్పి ఉంచే పొర బయట, వెనుక భాగంలో రెండు పక్కలా రక్తనాళాలతో కలిసి నడుస్తాయి. పాట్రిక్ వాల్ష్, పీటర్ డాంకర్ అనే ఇద్దరు వైద్యులు 1982లో ఈ నరాల దారిని స్పష్టంగా వివరించాకే క్యాన్సర్ ఆపరేషన్లలో వాటిని కాపాడడం సాధ్యమైంది. పెరిగిన ప్రొస్టేట్‌కు చేసే ఆపరేషన్‌లో సర్జన్ పని అంతా ఆ పొర లోపలే. నారింజ తొక్కను అలాగే ఉంచి లోపలి తొనలు తీసినట్టు అనుకోవచ్చు. తొక్క మీద నడిచే నరాల జోలికి పరికరం పోదు. విద్యుత్తు పరికరాల వేడి పొర దాటి నరాలకు తగిలే అవకాశం కొద్దిగా ఉంది కాబట్టి ప్రమాదం సున్నా అని ఎవరూ అనరు.

ఈ విషయంలో అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులలో జరిగి, 1995లో వెలువడిన అధ్యయనం ఇప్పటికీ చెప్పుకోదగ్గది. 556 మందిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు టీయూఆర్‌పీ (మూత్రమార్గం గుండా ప్రొస్టేట్‌లో అడ్డుపడిన భాగాన్ని కోసి తీసే) ఆపరేషన్ చేశారు, రెండో జట్టును ఏమీ చేయకుండా గమనిస్తూ వచ్చారు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో నపుంసకత్వం ఎక్కువేమీ కాలేదు. ఆపరేషన్ తర్వాత స్తంభన తగ్గిందని చెప్పేవాళ్లలో కొంత భాగం వయసుది, కొంత భాగం షుగర్, రక్తపోటులది. మరోవైపు, రాత్రంతా నాలుగైదుసార్లు లేవాల్సిన అవస్థ తప్పాక కంటినిండా నిద్రపోయి, లైంగిక జీవితం మెరుగైందని చెప్పేవాళ్లూ ఉన్నారు. మూత్రం ఇబ్బందులు తీవ్రంగా ఉన్నవాళ్లలో స్తంభన సమస్యలు కూడా ఎక్కువని పెద్ద సర్వేలు చెబుతున్నాయి.

నిజంగా మారేది స్ఖలనం. వీర్యంలో ఎక్కువ భాగం వీర్యకోశాల నుంచి, దాదాపు నాలుగోవంతు ప్రొస్టేట్ నుంచి వస్తుంది. వృషణాల నుంచి వచ్చే శుక్రకణాల వాటా చాలా కొద్దిది. ఆ క్షణంలో మూత్రాశయం మెడ బిగుసుకుని, వీర్యం వెనక్కి పోకుండా ముందుకు నెట్టబడుతుంది. అడ్డంగా పెరిగిన కణజాలాన్ని తొలగించేటప్పుడు ఆ మెడ తెరుచుకుపోతుంది. వీర్యనాళాలు మూత్రమార్గంలోకి తెరుచుకునే చిన్న గుబ్బ చుట్టూ ఉన్న కండరాలు కూడా దెబ్బతినవచ్చు. ఈ గుబ్బ చుట్టుపక్కల భాగమే అసలు కీలకమని ఇటీవలి పరిశీలనలు అంటున్నాయి. కొందరు సర్జన్లు ఇప్పుడు ఆ చుట్టుపక్కల సెంటీమీటరు మేర కణజాలాన్ని ముట్టకుండా వదిలేయడానికి కారణం అదే.

ఫలితంగా వీర్యం మూత్రాశయంలోకి వెళ్లి, తర్వాత మూత్రంతో కలిసి బయటికి పోతుంది. మూత్రం కాస్త మబ్బుగా కనిపిస్తుంది, అంతే. ఒంటికి ఏ హానీ లేదు. బయటికి ఏమీ రాదు, లేదా చుక్కలుగా వస్తుంది. భావప్రాప్తి మాత్రం ఎక్కువమందికి అలాగే ఉంటుంది. కొందరు తీవ్రత తగ్గిందంటారు, ఇంకొందరు తేడా తెలియలేదంటారు. ముందే చెప్పి చేసిన ఆపరేషన్‌లో ఇది అలవాటైపోతుంది. చెప్పకుండా చేస్తే మాత్రం మొదటిసారి ఎదురైనప్పుడు మనిషి హడలిపోతాడు, తన మగతనమే పోయిందనుకుంటాడు. ఇంత పెద్ద మార్పు గురించి అంగీకార పత్రంలో ఒక మూల ఒక లైను రాసి సరిపెట్టడం నా దృష్టిలో అన్యాయం.

కణజాలాన్ని తొలగించే పద్ధతులు

టీయూఆర్‌పీ అందరికీ తెలిసిన పాత పద్ధతి. మూత్రమార్గం గుండా పరికరాన్ని పంపి, అడ్డుపడిన భాగాన్ని ముక్కలుగా కోసి తీసేస్తారు. మిగతా పద్ధతులను పోల్చి చూసేది దీనితోనే. లక్షణాలు బాగా తగ్గుతాయి, ఫలితం ఏళ్ల తరబడి నిలుస్తుంది. మళ్లీ చికిత్స అవసరమయ్యేది ఏడాదికి నూటికి ఒకరిద్దరికి. అయితే పదిమందిలో ఆరేడు మందికి వీర్యం వెనక్కి పోతుంది.

హోలెప్‌లో హోల్మియం లేజర్‌తో లోపలి గ్రంథిని పొర నుంచి ఒలిచి, మూత్రాశయంలోకి నెట్టి, అక్కడ ముక్కలు చేసి బయటికి తీస్తారు. గ్రంథి ఎంత పెద్దదైనా చేయవచ్చు. రక్తస్రావం తక్కువ, మళ్లీ ఆపరేషన్ అవసరం పడడం చాలా అరుదు. మూత్రం సంగతి ఒక్కటే చూస్తే దీనికి సాటి వచ్చేవి తక్కువ. కానీ స్ఖలనం విషయంలో టీయూఆర్‌పీ కన్నా మెరుగేమీ కాదు, పదిమందిలో ఏడెనిమిది మందికి వీర్యం బయటికి రాదు. ‘లేజర్ కదా, సున్నితంగా ఉంటుంది, ఏమీ పోదు’ అనే నమ్మకం బాగా పాతుకుపోయింది. లేజర్ రక్తస్రావాన్ని తగ్గిస్తుంది, ఆసుపత్రిలో ఉండే రోజులను తగ్గిస్తుంది. వీర్యాన్ని కాపాడడం దాని పని కాదు. పచ్చని లేజర్ కాంతితో కణజాలాన్ని ఆవిరి చేసే పద్ధతిలో ఈ మార్పు కొంత తక్కువమందిలో కనిపిస్తుంది, అయినా దాదాపు సగం మందికి తప్పదు. రక్తం పలుచబడే మందులు ఆపలేనివాళ్లకు లేజర్ పద్ధతులు మంచి ఆసరా.

బాగా పెద్ద గ్రంథికి పొట్ట దగ్గర కోసి, లేదా రోబో సాయంతో, లోపలి భాగాన్ని తీసేసే ఆపరేషన్ ఇప్పటికీ ఉంది. దీని తర్వాత వీర్యం మామూలుగా వచ్చేవాళ్లు చాలా తక్కువ.

చిన్న గ్రంథి ఉన్నవాళ్లు తప్పక అడగాల్సినది టీయూఐపీ గురించి. గ్రంథి 30 మిల్లీలీటర్ల లోపు ఉండి, మధ్య భాగం మూత్రాశయంలోకి పొడుచుకు రాకపోతే కణజాలాన్ని తీసేయకుండా ఒకటి రెండు గాట్లు పెట్టి దారి వదులు చేస్తారు. వీర్యం వెనక్కి పోయేది ఐదుగురిలో ఒకరికి. పాత పద్ధతి, కొత్త యంత్రాలేవీ అక్కర్లేదు, బహుశా అందుకే దీని పేరు ఎక్కువగా వినపడదు.

స్ఖలనాన్ని కాపాడుతామనే పద్ధతులు

గత పదిహేనేళ్లలో వచ్చిన కొత్త పద్ధతుల ప్రచారమంతా ఈ మాట చుట్టూనే తిరుగుతుంది. మాట చాలావరకు నిజమే. దానికి బదులుగా ఏం ఇవ్వాల్సి వస్తుందో చూద్దాం.

యూరోలిఫ్ట్‌లో కోయడం, కాల్చడం ఉండవు. అడ్డంగా ఉబ్బిన రెండు భాగాలను చిన్న క్లిప్పులతో పక్కకు లాగి బిగిస్తారు, మధ్యలో దారి తెరుచుకుంటుంది. 206 మందితో జరిగిన ప్రధాన అధ్యయనంలో ఈ పద్ధతి వల్ల కొత్తగా, శాశ్వతంగా స్తంభన సమస్య గానీ స్ఖలన సమస్య గానీ ఎవరికీ రాలేదు. లైంగిక జీవితాన్ని ముట్టకూడదన్నదే మొదటి షరతయితే దీనికి మించింది లేదు. కానీ ఐదేళ్ల తర్వాత చూస్తే లక్షణాల స్కోరులో తగ్గుదల మూడోవంతుకు కాస్త పైన ఆగింది. కణజాలాన్ని తీసేసే ఆపరేషన్లలో లక్షణాలు దీనికి దాదాపు రెట్టింపు తగ్గుతాయి. పైగా ఆ ఐదేళ్లలో ఏడుగురిలో ఒకరికి మళ్లీ ఏదో ఒక ఆపరేషన్ కావాల్సి వచ్చింది. బాగా పెద్ద గ్రంథికి ఇది సరిపోదు.

రెజూమ్‌లో నీటి ఆవిరిని సూది ద్వారా గ్రంథిలోకి పంపుతారు, ఒక్కో చోట తొమ్మిది సెకన్లు. వేడికి చనిపోయిన కణజాలాన్ని శరీరం నెమ్మదిగా పీల్చేసుకుంటుంది. ప్రధాన అధ్యయనంలో వీర్యం పూర్తిగా ఆగిపోయినవాళ్లు నూటికి ముగ్గురు. ఐదేళ్లలో మళ్లీ ఆపరేషన్ అవసరమైనవాళ్లు నూటికి నలుగురైదుగురు. లక్షణాలు దాదాపు సగానికి తగ్గాయి. 30 నుంచి 80 మిల్లీలీటర్ల గ్రంథికి, మధ్య భాగం పెరిగినవాళ్లకు కూడా చేయవచ్చు. మైనస్ ఏమిటంటే ఓపిక పట్టాలి. కొన్ని రోజులు క్యాథెటర్‌తో, అంటే మూత్రం బయటికి పోవడానికి పెట్టే గొట్టంతో గడపాలి, మొదటి వారాల్లో మంట, తొందర ఎక్కువవుతాయి, పూర్తి ఫలితానికి మూడు నెలలు పట్టవచ్చు. ఆ వారాల్లో ‘ముందున్నదే నయం’ అనిపించడం మామూలే. మధ్యస్థంగా పెరిగిన గ్రంథి, చురుకైన దాంపత్య జీవితం ఉన్నవాళ్లకు ఈ రెండింటిలో ఒకటి చెప్పమంటే నేను రెజూమ్ వైపే మొగ్గుతాను. ఒక్క వారం కూడా క్యాథెటర్‌తో ఇబ్బంది పడలేనన్నవాళ్లకే యూరోలిఫ్ట్.

ఆక్వాబ్లేషన్ కణజాలాన్ని తొలగించే పద్ధతులకూ, స్ఖలనాన్ని కాపాడే పద్ధతులకూ నడుమ నిలుస్తుంది. అల్ట్రాసౌండ్‌లో గ్రంథిని చూస్తూ ఎక్కడ కోయాలో, ఎక్కడ ముట్టకూడదో సర్జన్ గీత గీస్తే, యంత్రం అతివేగంగా చిమ్మే నీటిధారతో అంతవరకే తొలిచేస్తుంది. కోసేటప్పుడు వేడి లేదు, వీర్యనాళాల గుబ్బ దగ్గరి భాగాన్ని వదిలేయవచ్చు. టీయూఆర్‌పీతో పోల్చి చేసిన అధ్యయనంలో, లైంగికంగా చురుగ్గా ఉన్నవాళ్లలో స్ఖలనం కోల్పోయింది ఇందులో నూటికి పదిమంది, టీయూఆర్‌పీలో ముప్ఫై ఆరుగురు. మూత్రం ధార మెరుగుదల మాత్రం రెండింటిలోనూ దాదాపు సమానం. ఇది చిన్న విషయం కాదు. పెద్ద గ్రంథికీ పనికొస్తుంది. ఇబ్బంది రక్తస్రావంతోనే, పెద్ద గ్రంథుల్లో రక్తం ఎక్కించాల్సిన సందర్భాలుంటాయి. మత్తు కావాలి, ఖరీదైన యంత్రం కావాలి, కాబట్టి అన్నిచోట్లా దొరకదు.

ప్రొస్టేట్‌కు రక్తాన్ని తీసుకెళ్లే ధమనులను సన్నని రేణువులతో మూసేసే పద్ధతి, అంటే ఎంబొలైజేషన్, యూరాలజిస్ట్ చేసేది కాదు. ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్ మణికట్టు దగ్గరో తొడ మొదట్లోనో ఉన్న ధమని గుండా లోపలికి వెళ్లి చేస్తారు. మూత్రమార్గాన్ని ముట్టరు కాబట్టి స్ఖలనానికి ఏమీ కాదని చాలామంది అనుకుంటారు. స్విట్జర్లాండ్‌లో జరిగి 2018లో వెలువడిన అధ్యయనం అంత ధీమా వద్దంటోంది. వీర్యం తగ్గడమో ఆగిపోవడమో జరిగినవాళ్లు టీయూఆర్‌పీలో నూటికి ఎనభై నలుగురైతే, ఇందులో యాభై ఆరుగురు. తక్కువే గానీ, సున్నాకు చాలా దూరం. మత్తు తట్టుకోలేనివాళ్లకు, రక్తం పలుచబడే మందుల మీద ఉన్నవాళ్లకు ఇది ఉపయోగం.

ఐదు నుంచి ఏడు రోజులు లోపల ఉంచి తీసేసే నిటినాల్ అనే లోహపు తీగల పరికరం, ఐటిండ్, కూడా స్ఖలనాన్ని కాపాడేదే. చిన్న గ్రంథులకు పనికొస్తుంది. దీర్ఘకాలిక అనుభవం మిగతావాటితో పోలిస్తే తక్కువ.

సర్జన్‌ను అడగాల్సిన మాట ఇంకొకటుంది. టీయూఆర్‌పీ, హోలెప్ వంటివాటినే కీలక భాగాన్ని వదిలేసి, స్ఖలనాన్ని కాపాడేలా చేయవచ్చు. అది చేయి తిరిగిన సర్జన్ల పని. ‘మీరు ఆ పద్ధతిలో చేస్తారా, ఎన్ని చేశారు’ అని అడిగితే తప్పు పట్టుకునే డాక్టరు దగ్గర ఇంకొక అభిప్రాయం తీసుకోవడమే మంచిది.

మాత్రలతో ఉండిపోతే?

ఆపరేషన్ వద్దు, మాత్రలు చాలు అనేవాళ్లలో కొందరు లైంగిక జీవితం కోసమే ఆ నిర్ణయం తీసుకుంటారు. మాత్రలు కూడా ఈ విషయంలో అమాయకమైనవి కావు. మూత్రాశయం మెడ దగ్గరి కండరాలను వదులు చేసే సిలోడోసిన్ వేసుకునేవాళ్లలో నూటికి ఇరవై ఎనిమిది మందికి వీర్యం రావడం తగ్గిపోతుంది లేదా ఆగిపోతుంది. టామ్సులోసిన్‌తో కొంత తక్కువ, అల్ఫుజోసిన్‌తో ఇంకా తక్కువ. ఇవి మానేస్తే మామూలు స్థితి వస్తుంది. ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ వేరే రకం. అవి గ్రంథిని కుదిస్తాయి, కానీ కొందరిలో కోరికను, స్తంభనను, వీర్యం పరిమాణాన్ని తగ్గిస్తాయి. స్తంభన విషయంలో ఈ మాత్రల చరిత్ర కంటే ఆపరేషన్ చరిత్రే శుభ్రంగా ఉందంటే వింతగా అనిపిస్తుంది గానీ, అది నిజం. రోజుకు 5 మిల్లీగ్రాముల టాడలఫిల్ మూత్రం ఇబ్బందికీ స్తంభనకూ రెండింటికీ పనిచేస్తుంది. రెండూ ఉన్నవాళ్లు దీని గురించి అడగాలి.

ఇప్పటికే సిలోడోసిన్ వాడుతూ, ఏడాదిగా వీర్యం రాకపోయినా పెద్దగా పట్టించుకోని మనిషి తన ప్రశ్నకు తానే జవాబు చెప్పేసినట్టు. అతనికి స్ఖలనాన్ని కాపాడే పద్ధతి కోసం వెతకడం కన్నా, మళ్లీ ఆసుపత్రి మెట్లెక్కే పని లేని హోలెప్, టీయూఆర్‌పీ లాంటివే మేలు.

ఎవరికి ఏది

మూత్రం పూర్తిగా ఆగిపోయి క్యాథెటర్ తీయలేని పరిస్థితి, మూత్రాశయంలో రాళ్లు, పదేపదే ఇన్ఫెక్షన్, రక్తం పడడం, కిడ్నీలు దెబ్బతినడం – వీటిలో ఏదున్నా అడ్డును పూర్తిగా తొలగించడమే మొదటి పని. అక్కడ స్ఖలనం గురించిన బేరం రెండో వరుసలోకి వెళ్లాలి. కిడ్నీ పోయాక కాపాడుకోవడానికి మిగిలేది తక్కువ.

అలాంటి తొందర లేనివాళ్లకు అంచనాకు సమయం ఉంటుంది. ఆపరేషన్‌కు ముందే మూడు సంగతులు కాగితం మీద ఉండాలి. ఒకటి, గ్రంథి పరిమాణం, మధ్య భాగం పెరిగిందా లేదా. రెండు, మూత్రం లక్షణాల స్కోరు. 35కి 7 దాటకపోతే తేలిక, 20 లేదా ఆపైన ఉంటే తీవ్రం. మూడు, ప్రస్తుతం స్తంభన ఎలా ఉందో చెప్పే ఐదు ప్రశ్నల స్కోరు. 25కి 22 లేదా ఆపైన వస్తే బాగున్నట్టు. ఈ మూడోదాన్ని చాలాచోట్ల తీసుకోరు, అడిగి తీసుకోవాలి. ముందు ఎలా ఉందో రాసి లేకపోతే తర్వాత వచ్చిన మార్పు ఆపరేషన్‌దా కాదా అన్నది ఎవరూ తేల్చలేరు.

ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లు ఆపరేషన్‌కు ముందే వీర్యాన్ని భద్రపరచుకోవాలి, యూరోలిఫ్ట్ అయినా సరే. వీర్యం వెనక్కి పోయాక కూడా మూత్రం నుంచి శుక్రకణాలను వేరుచేసి సంతాన చికిత్సలో వాడే వీలుంది, కానీ అది చుట్టుదారి. దీనికి రెండో వైపూ ఉంది. వీర్యం బయటికి రాలేదు కాబట్టి గర్భం రాదని ధీమాగా ఉండకూడదు, కొద్దిపాటి చుక్కలు చాలు.

80 మిల్లీలీటర్లు దాటిన గ్రంథికి సులువైన పద్ధతుల మీద ఆశ పెట్టుకోవద్దు. అక్కడ పోటీ ప్రధానంగా హోలెప్‌కీ ఆక్వాబ్లేషన్‌కీ మధ్య. స్ఖలనం ముఖ్యమైతే రెండోది, మళ్లీ ఆపరేషన్ మాటే వద్దనుకుంటే మొదటిది.

భార్యతో ఈ సంగతి ముందే మాట్లాడడం మంచిది. వీర్యం రాకపోవడాన్ని తన పట్ల కోరిక తగ్గడంగా ఆమె అర్థం చేసుకునే అవకాశం ఉంది. వీలైతే డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లాలి.

ఆపరేషన్ తర్వాత

టీయూఆర్‌పీ, లేజర్ ఆపరేషన్ల తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు సంభోగానికి దూరంగా ఉండమంటారు, లోపలి గాయం మానడానికి. తేలిక పద్ధతుల తర్వాత ఈ గడువు తక్కువ, ఎంతన్నది డాక్టరే చెప్పాలి. మొదట్లో వీర్యంలో రక్తం కనిపించవచ్చు, స్ఖలన సమయంలో మంట ఉండవచ్చు. రెండూ క్రమంగా పోతాయి. మొదటి నెలల్లో స్తంభన తడబడితే అది చాలావరకు భయం వల్ల, అలసట వల్ల. సిల్డెనఫిల్ లాంటి మాత్రలు ఆపరేషన్ తర్వాత కూడా పనిచేస్తాయి. అయితే గుండెనొప్పికి నైట్రేట్ మందులు వాడేవాళ్లు వాటిని ఎట్టి పరిస్థితుల్లోనూ వేసుకోకూడదు, రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది.

వెనక్కి పోయే వీర్యాన్ని మళ్లీ ముందుకు తెచ్చే మందులు, ముఖ్యంగా ఆపరేషన్ వల్ల వచ్చిన మార్పుకు, సాధారణంగా పనిచేయవు. అందుకే ఇంత చర్చా ఆపరేషన్‌కు ముందే జరగాలి. స్తంభన సమస్య మాత్రం ఆరు నెలలు దాటినా కుదురుకోకపోతే ప్రొస్టేట్‌ను నిందిస్తూ కూర్చోకుండా షుగర్, కొలెస్ట్రాల్, రక్తపోటు, ఉదయం తీసిన రక్తంలో టెస్టోస్టిరాన్ చూపించుకోవాలి. స్తంభనకు రక్తం అందించే ధమనులు గుండె ధమనుల కన్నా సన్ననివి కాబట్టి, గుండెజబ్బు లక్షణాలు బయటపడడానికి కొన్నేళ్ల ముందే ఇక్కడ తేడా కనిపించడం తరచూ జరిగేదే.